మైకు చెప్పిన రహస్యం

ఆ అమ్మాయికి పేరు లేక కాదు. బళ్ళో హాజరు వేసేటప్పుడు పంతులమ్మ పిలిచిన పేరు ఒకటి శుభ్రంగా ఉండేది. కానీ "ఉన్నానండీ" అని ఆ పిల్ల పలికిన మొదటి రోజే పక్క గదిలోని పిల్లలు కూడా ఉలిక్కిపడి లేచి నిలబడ్డారట. ఆ సాయంత్రానికల్లా ఆమె మైకు అయిపోయింది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు కూడా అసలు పేరు చెప్పాలంటే కాసేపు ఆలోచించుకోవాలి.

ఆ గొంతు ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న పిండిమర నడుపుతాడు. అమ్మ ఆసుపత్రి ఎదురుగా పూలకొట్టు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళిపోయేది కాబట్టి, పిల్ల పాకే రోజుల నుంచీ మర పక్కన గోనెపట్టా మీదే పెరిగింది. ఆకలేసినా దాహమేసినా మర మోతను మించి అరిస్తేనే నాన్నకి తెలిసేది. అలా అరిచి అరిచి ఆ గొంతు ఒకచోట స్థిరపడిపోయింది. అంతకంటే కిందికి దించడం ఆమె వల్ల కాదు. గుసగుసగా చెప్పమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మామూలుగానే అరుస్తుంది. "గొంతు తగ్గించవే" అనడం అమ్మకి అలవాటైపోయి, ఒక్కోసారి పిల్ల నిద్రపోతున్నప్పుడు కూడా అనేసేది.

ఇలాంటి పిల్లకి ఎవరూ రహస్యాలు చెప్పరు. ఒకసారి పక్కింటావిడ వంట గురించి అమ్మ అన్న మాట మైకు చెవిన పడింది. నిజమా అమ్మా అని మైకు అడిగింది. ఆ తర్వాత పక్కింటావిడ చాలాకాలం గోడవైపే రాలేదు. మైకుకి మాత్రం దేన్నైనా దాచాలన్న బుద్ధీ పుట్టలేదు, దాచాల్సిన అవసరమూ రాలేదు. చదువైపోయి ఇంట్లో కూర్చున్న ఆ వానాకాలం దాకా అంతే.

ఆ ఏడు వానలు మొదలవగానే పట్టణ ఆఫీసువాళ్ళు కుర్రకారుకి సీజను పని ఇస్తామని ప్రకటించారు. ఎక్కడి నుంచో వచ్చిపడి ఇక్కడి మొక్కల్ని తొక్కేసి పెరుగుతున్న కలుపుని పీకాలి. దాని గురించి వీధి వీధికీ తిరిగి జనానికి చెప్పాలి. ఈ పని చూసే పెద్దాయన ఎండలో ఉన్నా గదిలో ఉన్నా టోపీ తియ్యడు కాబట్టి ఆయన టోపీ సారు. మైకుని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. ఆమె జవాబు చెప్పడం పూర్తయ్యాక ఆయన టోపీ సర్దుకుని, కొత్త లౌడ్‌స్పీకరు కావాలని పై ఆఫీసుకి పెట్టుకున్న అర్జీని వెనక్కి తీసేసుకున్నాడు.

పీకాల్సిన కలుపులో అసలు శత్రువు వయ్యారిభామ. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, చిన్న గాలికి కూడా నడుం వంచి ఊగుతుందని పెట్టి ఉంటారు. చూడ్డానికి నాజూగ్గానే ఉంటుంది. ముట్టుకుంటే దురద, దద్దుర్లు. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. ఒక్క మొక్క పూసిందంటే వేల గింజలు రాల్చి, వచ్చే వానకి వీధి మొత్తం తనదే అంటుంది. అందుకే పువ్వు రాకముందే, నేలకి అతుక్కుని ఆకులు పరుచుకున్నప్పుడే, గ్లౌజులు వేసుకుని వేళ్ళతో సహా పీకెయ్యాలి. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా పేరుతోనే వచ్చింది.

టోపీ సారుకి నినాదాలు రాసే పిచ్చి ఉంది. "వయ్యారిభామ లేని వీధి, వ్యాధి లేని వీధి" అని రాసి, తనే చదువుకుని, తనే తలాడించి మైకు చేతికిచ్చాడు. మైకు ఆకుపచ్చ కోటు తొడుక్కుని, మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని, మొదటి వీధి మొదట్లో నిలబడి మొదలుపెట్టింది.

"అమ్మలారా, అయ్యలారా, మీ ఇంటి వెనక వయ్యారిభామ ఉందేమో చూసుకోండి. వేళ్ళూనుకోకముందే పట్టుకోండి. ఉత్త చేతులతో ముట్టుకున్నారో, గోక్కుంటూ కూర్చోవాలి."

కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. ఒకావిడ ఇంటి వెనక్కి వెళ్ళి చూడాల్సింది పోయి ముందు మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన నాకేం తెలియదన్నాడు. అడక్కముందే తెలియదన్నందుకు ఆ ఇంట్లో ఆ పూట పెద్ద విచారణే జరిగింది. వీధి చివర ఉండే దర్జీ తాత తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీదికొచ్చి, ఎటు వెళ్ళిందమ్మా అని మెల్లగా అడిగాడు. మైకు చేతిలో ఉన్న పిలకని ఆయన ముక్కు ముందు పెట్టింది. తాత దాన్ని కిందా మీదా చూసి, ఇంతోటి దానికి మంచి చొక్కా నలిగిందని విసుక్కుంటూ లోపలికి పోయాడు. ఏమైతేనేం, వారం తిరక్కుండా వయ్యారిభామ పేరు తెలియని ఇల్లు లేదు. టోపీ సారు ఇదంతా తన నినాదం మహిమ అనుకున్నాడు.

అందరికంటే ఎక్కువ పొంగిపోయింది అమ్మ. కూతురి గొంతు ఒక పనికొచ్చిందని, ఆ పనికి కోటూ బూట్లూ కూడా ఇచ్చారని కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. ప్రచారం పోస్టరు ఒకటి అడిగి తెచ్చుకుని కొట్టు తలుపుకి అంటించింది. ఆ పోస్టరులో పువ్వు లేదు. పువ్వు రాకముందే పీకాలి కదా, పువ్వు బొమ్మ ఎందుకని టోపీ సారు లేత మొక్క బొమ్మే వేయించాడు. అది అచ్చులో అలుక్కుపోయి పచ్చటి మరకలా తేలింది. అమ్మ ఆ మరకని రోజూ తిట్టేది. ఆ మాయదారిదాన్ని కనిపిస్తే వదలొద్దని చెబుతూనే గులాబీల చుట్టూ మంచుపూలు సర్దేది.

ఈ మంచుపూల సంగతి చెప్పాలి. ఆసుపత్రికి పరామర్శకి వచ్చేవాళ్ళు, రిటైరయ్యేవాళ్ళకి సన్మానం చేసేవాళ్ళు, అందరూ అమ్మ కొట్టుకే వస్తారు. కూడలిలో ఇంకా పూలకొట్లు ఉన్నా అమ్మ కట్టే బొకే వేరు. రంగుపూల మధ్య ఖాళీల్లో సన్నసన్నటి తెల్లపూల రెమ్మలు గుచ్చుతుంది. మంచు రాలినట్టుంటుందని వాటికి మంచుపూలని తనే పేరు పెట్టుకుంది. ఎక్కడ దొరుకుతాయో కన్నకూతురికి కూడా చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆసుపత్రి నర్సమ్మ ఒకసారి వచ్చి, మీ బొకే వచ్చిన రోజు వార్డంతా తుమ్ములేనని చెప్పింది. అమ్మ దాన్ని మెప్పు కింద తీసుకుంది. పువ్వంటే అలా ఘాటుగా ఉండాలంది.

అమ్మ చేతుల సంగతి కూడా చెప్పాలి. వేళ్ళ సందుల్లో ఎర్రగా దద్దుర్లు, మణికట్టు దాకా పొక్కులు. చర్మం పగిలి, రిబ్బను ముడి వేస్తుంటే నెత్తురు చెమర్చేది. ఆవిడ సబ్బులు మార్చింది, నూనెలు రాసింది, చివరికి నేరం నాన్న మీద మోపింది. పిండి పడకే నాకీ దురదలు అని తేల్చేసింది. అప్పటి నుంచి నాన్న మర కట్టేసి ఇంటికి రాగానే వరండాలోనే చొక్కా విప్పి, కుళాయి దగ్గర దులుపుకుని, ఒళ్ళు కడుక్కుని, వేరే చొక్కా వేసుకుంటేనే గడప దాటాలి. చలికాలమైనా అంతే. మర మోతకి చెవులు మందగించిన మనిషైనా నాన్నకి తీర్పు వినిపించింది గానీ వాదించే అవకాశం రాలేదు. పళ్ళు కొరుక్కుంటూ వరండాలో చొక్కా మార్చుకోవడం ఆయన జీవితంలో ఒక భాగమైపోయింది.

ఇంతవరకూ కథ హాయిగానే నడిచింది. ఒక రోజు కలుపు పీకే జట్టు రైలుకట్ట వైపు వెళ్ళింది. కట్ట వాలు మీద నడుమెత్తు మొక్కలు, వాటి నిండా సన్నసన్నటి తెల్లపూలు. టోపీ సారు నెత్తి కొట్టుకోబోయి టోపీ అడ్డొచ్చి ఆగిపోయాడు. ఇవి మన చెయ్యి దాటి పూసేశాయి, ఇదీ వయ్యారిభామ అసలు రూపం, బాగా చూసుకోండి అన్నాడు. మైకు చూసింది. పక్కనే ఎవరో కత్తెరతో శుభ్రంగా కోసుకుపోయిన కాడలున్నాయి. ఆ ఏటవాలు కోత ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. నేల మీద నీలం రిబ్బను ముక్క కూడా ఒకటి పడి ఉంది. పువ్వు గుర్తు పట్టారా అని టోపీ సారు అడిగాడు. మైకు నోరు తెరిచింది గానీ మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ గొంతు మూతపడటం అదే మొదటిసారి.

ఇక అక్కడి నుంచి ఆమెకి నిద్ర కరువైంది. చెప్పకపోతే అమ్మ చేతులు రోజురోజుకీ పుండ్లు పడుతున్నాయి, ఆసుపత్రిలో రోగులు తుమ్ముతున్నారు. చెబితే, అది తన గొంతుతో చెప్పాలి. తన గొంతుతో చెప్పిందంటే కూడలి మొత్తం వింటుంది. కూతురు పీకుతుంటే తల్లి అమ్ముతోందట అని పడీ పడీ నవ్వుతారు. ఇన్నేళ్ళూ కట్టిన బొకేలన్నీ కలుపుమొక్కలని తేలితే అమ్మ మళ్ళీ ఆ కొట్టు తలుపు తెరవగలదా? రాసి చూపిద్దామంటే, అమ్మకి కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. ఏ కాగితమొచ్చినా పక్కింటావిడ చేతే చదివించుకుంటుంది.

అయినా ఒక సాయంత్రం ప్రయత్నించింది. తలుపులు వేసి, కిటికీలు మూసి, అమ్మ పక్కన కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "అమ్మా" అంది. ఏమిటే పిల్లా అని గోడ అవతల నుంచి పక్కింటావిడ పలికింది. మైకు నోరు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఇంటికొస్తే ఊ, ఉహూ తప్ప మాట లేదు. వీధిలో ప్రకటన చెయ్యడం ఎలాగూ తప్పదు, చేసి వచ్చేది. గడప దాటగానే కుక్కిన పేనులా పడి ఉండేది. అరిచి అరిచి గొంతు పోయిందని అమ్మ నిర్ణయించింది. వేన్నీళ్ళలో ఉప్పు కలిపి, రోజూ పొద్దునా సాయంత్రం ఎదురుగా నిలబడి పుక్కిలింపించింది. ఒంట్లో ఏ జబ్బూ లేని పిల్ల, నోటి నిండా నిజం పెట్టుకుని, దాని మీద ఉప్పునీళ్ళు పోసుకుని గుడగుడలాడించి ఉమ్మేసేది.

చెప్పలేకపోయినా చెయ్యగలిగిందొకటి ఉందని తర్వాత తోచింది. పువ్వే దొరక్కపోతే అమ్మ ఏం గుచ్చుతుంది? జట్టులో అందరికంటే ముందు లేచి, రైలుకట్ట మీద ఒక్క మొక్క మిగలకుండా పీకించింది. పాత ఇటుకబట్టీ దగ్గర, స్కూలు గోడ వెనక, ఎక్కడ ఏటవాలు కోతలు కనిపిస్తే అక్కడ పీకింది. ఈ పిల్లకి ఇంత పట్టుదల ఎక్కడిదని టోపీ సారు ముక్కున వేలేసుకున్నాడు. సీజను ముగింపు సభలో మాట్లాడేది నువ్వేనని అప్పుడే చెప్పేశాడు.

ఇంట్లో మాత్రం వేరే ప్రళయం. తన మంచుపూలు ఎవడో దొంగ దోచుకుపోతున్నాడని అమ్మ లబోదిబోమంది. కోసుకుపోతే కోసుకుపోయాడు, వేళ్ళతో సహా పీకి ఏం చేసుకుంటాడని శాపనార్థాలు పెట్టింది. వాడి చేతులు పడిపోవాలంది. దొంగ ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటోంది. ఆ ముద్ద దొంగ గొంతు దిగలేదు. పైగా అమ్మ ఒక ఉపాయం కూడా చెప్పింది. వీధుల్లో ఎలాగూ అరుస్తున్నావు కదా, వయ్యారిభామతో పాటు నా మంచుపూల దొంగ గురించి కూడా రెండు ముక్కలు అరవమంది. మైకు గబగబా వెళ్ళి తనంతట తనే ఉప్పునీళ్ళు కలుపుకుంది.

ముగింపు సభ ఆసుపత్రి ముందు కూడలిలోనే పెట్టారు. ఆఫీసు ట్రాక్టరు తొట్టె వెనక పలక దించి దాన్నే వేదిక చేశారు. పై ఆఫీసు నుంచి పెద్ద మేడమ్ వస్తున్నారు. ఆవిడకి ఇవ్వాల్సిన బొకే మన మైకు వాళ్ళమ్మ దగ్గరే కట్టించాలని టోపీ సారు గౌరవంగా అనుకున్నాడు. ఈ కబురు విన్నప్పుడు మైకు పెద్దగా భయపడలేదు. ఊళ్ళో మంచుపూలు మిగలలేదు కదా. వట్టి గులాబీలతో కట్టాలేమో అని అమ్మ పొద్దున దిగులుపడటం తన చెవులతోనే విని వచ్చింది.

మైకు మరిచిపోయింది నాన్నని. భార్య పూలు దొరక్క ఏడుస్తోందన్న సంగతి నాన్నకి ఎలాగో వినిపించింది. వయ్యారిభామ సంగతి మాత్రం వినిపించలేదు. మైకు వీధుల్లో అరిచినప్పుడు ఆయన మర మోతలో ఉన్నాడు, ఇంట్లోనేమో మైకు నోరు విప్పడం మానేసింది. మర వెనక ఖాళీ జాగాలో అచ్చం అలాంటి తెల్లపూలే గుత్తులు గుత్తులుగా ఉండటం నాన్న చూశాడు. కొన్నాళ్ళుగా పిండి డబ్బాతో రోజూ నీళ్ళు పోసి మరీ సాకుతున్నాడు. సభ రోజు మధ్యాహ్నం మర ఆపేసి, చేతులకి పట్టినన్ని కోసుకుని, పిండి చొక్కాతోనే కొట్టు దాకా వచ్చి అమ్మ ఒళ్ళో పోశాడు. పెళ్ళయ్యాక ఆయన ఆవిడకి పూలు తేవడం అదే మొదలు. అమ్మ కోప్పడటం కూడా మరిచిపోయింది.

సభ మొదలైంది. మైకు తొట్టె ఎక్కి చూసేసరికి పెద్ద మేడమ్ చేతిలో బొకే ఉంది. టోపీ సారు తన నినాదం కాగితం మీంచి కళ్ళు తియ్యకుండానే అందించినట్టున్నాడు. ఎర్ర గులాబీలు నాలుగైదు, వాటి చుట్టూ తెల్లటి మేఘంలా వయ్యారిభామ. వయ్యారిభామ నిర్మూలన సభలో, వేదిక మీద, ముఖ్య అతిథి చేతుల్లో. ముందు వరసలో అమ్మ ఉంది. మంచి చీర కట్టుకుని, కూతురు మాట్లాడుతుందని అందరికీ చెబుతూ, మణికట్టు గోక్కుంటోంది. జనం వెనక ఎక్కడో నాన్న, దూరంగా, పిండి ఎవరికీ తగలకుండా నిలబడ్డాడు.

టోపీ సారు ఒక బకెట్టులోంచి లేత మొక్కని తీసి చూపించి, నినాదం చదివి, ఇక మా అమ్మాయి వివరిస్తుందన్నాడు. మైకు మొదలుపెట్టింది. ఆకు గురించి చెప్పింది, వేరు గురించి చెప్పింది, గ్లౌజుల గురించి అక్కర్లేనంత సేపు చెప్పింది. మధ్యలో పెద్ద మేడమ్ తుమ్మారు. క్షమించమని మళ్ళీ తుమ్మారు. ముక్కు తుడుచుకుని, ఎంతో ఆసక్తిగా, పోస్టరులో పువ్వు లేదేమిటి, దీని పూత ఎలా ఉంటుందని అడిగారు. అడిగి, ఆ బొకేలోనే ముఖం దాచుకుని మూడోసారి తుమ్మారు.

టోపీ సారు బకెట్టులో వెతికాడు. అందులో పువ్వు లేదు. చెప్పవే అని అమ్మ కింద నుంచి సైగ చేసింది. సైగ చేసిన ఆ చేతి వేళ్ళ సందున ఎర్రటి పగులు మైకుకి అంత దూరం నుంచీ కనిపించింది. ఇక ఆగలేకపోయింది. పెద్ద మేడమ్ వస్తున్నారని అద్దెకి తెచ్చి తన చేతికిచ్చిన మైకుని స్విచ్చి నొక్కి ఆపేసింది. తొట్టె దిగి అమ్మ దగ్గరికి వెళ్ళింది. చెవి దగ్గరికి వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, జీవితంలో ఎన్నడూ లేనంత మెల్లగా చెప్పింది.

"అమ్మా, నీ మంచుపూలే వయ్యారిభామ."

కూడలి ఆ చివర ఆగిన బస్సులోంచి తలలు బయటికొచ్చాయి. ఆసుపత్రి పై అంతస్తు కిటికీలో నర్సమ్మ, నేను చెప్పలేదా అన్నట్టు రెండు చేతులూ పైకెత్తింది. పెద్ద మేడమ్ బొకేని ముఖానికి దూరంగా జరిపి, చేతులు చాచి పట్టుకున్నారు. దర్జీ తాత ముందుగా నవ్వాడు, ఆ వెనక అందరూ నవ్వారు. మైకు కళ్ళు మూసుకుంది. భూమి చీలితే బాగుండునని నిజంగా అనుకుంది.

అమ్మ నవ్వలేదు, ఏడవలేదు. తన చేతుల వంక చూసుకుంది. తిప్పి చూసుకుంది. తల తిప్పి జనం వెనక నిలబడ్డ పిండి చొక్కా వైపు చూసింది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక నాన్న కూడా మర్యాదకి నవ్వుతున్నాడు. చాలాసేపు ఆయన్నే చూసి, కూతురి వైపు చెయ్యి చాచి, ఆ గ్లౌజులు ఇలా ఇమ్మంది. వేసుకుని తొట్టె ఎక్కింది. పెద్ద మేడమ్ చేతుల్లోంచి బొకే తీసుకుని, గులాబీలు ఆవిడకిచ్చేసి, తెల్లపూల రెమ్మ ఒకటి జనానికి కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"పూత ఇలా ఉంటుంది. ఇన్నాళ్ళూ నేనే అమ్మాను, మంచుపూలని. తెలియక అమ్మాను. ఎవరింట్లోనైనా నా బొకే ఉంటే పారెయ్యండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ముందు చేతులు కడుక్కోండి."

నవ్వు అక్కడక్కడా తగ్గింది. అప్పుడే ఒకాయన ఎక్కడో తుమ్మాడు, మళ్ళీ మొదలైంది. అమ్మ పట్టించుకోలేదు. రెమ్మల్ని ఒక్కటీ రాలకుండా గోనెసంచిలో కుక్కి, మూతి బిగించి కట్టింది. ఆ ముడి బొకేకి వేసే ముడే.

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మ గబగబా ముందు నడిచింది. నాన్న తన అలవాటు ప్రకారం నాలుగడుగులు వెనకే వచ్చాడు. మైకు ఇద్దరి మధ్యా నడిచింది. ఇంట్లో అడుగుపెట్టి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాక అప్పుడడిగింది అమ్మ.

"ఎప్పటి నుంచి తెలుసే నీకు?"

"రైలుకట్ట దగ్గర చూసినప్పటి నుంచి." ఇది ఎదురింటికి కూడా వినిపించింది.

"మరి ఇన్నాళ్ళూ ఆ ఉప్పునీళ్ళు ఎందుకు పుక్కిలించావు?"

"నువ్వు పుక్కిలించమన్నావు."

అమ్మకి కోపం రాబోయి నవ్వొచ్చింది, నవ్వులోంచి ఏడుపొచ్చింది. పిల్ల పక్కన కూలబడి చెంగుతో ముఖం తుడుచుకుంది. ఈ పూలు పోతే వేరే పూలు కట్టుకుంటానంది. నలుగురూ నవ్వితే నాలుగు రోజులు నవ్వుతారంది. నువ్వు మాట్లాడ్డం మానేస్తే మాత్రం ఇల్లు ఇల్లులా లేదే, ఏ జబ్బు చేసిందో అని నాకు గుండెల్లో దడగా ఉండేదే అంది. అవన్నీ నిజంగా అన్న మాటలు. మైకు అమ్మ వేళ్ళకి మందు రాస్తూ కూర్చుంది.

అప్పుడు వరండాలో అలికిడైంది. నాన్న చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకుంటూ కుళాయి వైపు నడుస్తున్నాడు. వానగాలికి ఆయన భుజాలు అప్పుడే వణుకుతున్నాయి. అమ్మ గుమ్మం దాకా వెళ్ళి, విప్పకండి, అలాగే లోపలికి రండి అంది. నాన్నకి వినిపించలేదు. మళ్ళీ అంది. నాన్న కుళాయి తిప్పాడు. అమ్మ నిస్సహాయంగా కూతురి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే."

మైకు లేచి గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరంతా పీల్చుకుంది.

"నాన్నా, చొక్కా మార్చుకోనక్కర్లేదట. అమ్మ దురదలు నీ పిండి వల్ల కాదట. లోపలికి రమ్మంటోంది."

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. వీధి చివర దర్జీ తాత ఇంటి కిటికీ తెరుచుకుంది. అమ్మ ఆ రోజు గొంతు తగ్గించమనలేదు. నాన్న కుళాయి కట్టేసి, విప్పిన గుండీలు మళ్ళీ పెట్టుకుని, పిండి చొక్కాతోనే గడప దాటి లోపలికి వచ్చాడు.